బాలింత నడుము - ఇంటిల్లిపాది బాధ్యత
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ యేడు ఆరోగ్యం మీద ఒక ప్రసంగం ఉండాలని కార్యవర్గంవారు నిశ్చయించి ఆ పని నాకు అప్పగించినప్పుడు కొందరు మిత్రులు నవ్వినారు. "మాస్టర్ సాబ్, మీరు లెక్కలు చెప్పేవారు, బాలింతల నడుము నొప్పితో మీకేం పని?" అన్నారు. నాకు పని ఉన్నది. ఆ నొప్పి నాకు నా హాజరుపట్టీలో కనిపిస్తుంది. ఆరో తరగతి, ఏడో తరగతి ఆడపిల్ల ఒకతె వరుసగా బడికి రాదు. కబురు పంపితే, "తమ్ముడు పుట్టిండు సార్, అమ్మీకి కమర్ దర్ద్, లేవలేకపోతున్నది, ఇంట్ల పని నేనే చేస్తున్న" అని జవాబు వస్తుంది. వారం పదిరోజులు అనుకున్నది రెండు నెలలవుతుంది. తర్వాత ఆ పిల్ల వచ్చినా పాఠం అందదు. కొందరు అసలే రారు. తల్లి నడుము పట్టుకుంటే కూతురి చదువు పట్టు తప్పుతున్నది. కనుక ఇది ఆడవారి గదిలో గుసగుసగా చెప్పుకొని ఊరుకునే విషయం కాదని నా మనవి.

నేను వైద్యుణ్ణి కాను. వైద్యులను అడిగి తెలుసుకున్నది, చదివి అర్థం చేసుకున్నది, పాఠం చెప్పే పద్ధతిలో మీ ముందు పెడతాను. మందు రాసే పని డాక్టరుది. ఎప్పుడు డాక్టరు దగ్గరికి పోవాలో తెలుసుకునే పని మనది.

మొదట నడుము కట్టుబడి చూద్దాము. మెడలో 7, వీపులో 12, నడుములో 5 వెన్నుపూసలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉంటాయి. పూసకు పూసకు నడుమ ఒక మెత్తటి బిళ్ల ఉంటుంది. దాన్నే డిస్క్ అంటారు. పైన గట్టి పీచు, లోపల జిగురు వంటి పదార్థం. మనం నడిచినా, వంగినా, బరువెత్తినా దెబ్బ పూసలకు తగలకుండా కాచేది ఇదే. ప్రతి రెండు పూసల సందులో నుంచి కుడికొకటి, ఎడమకొకటి నరాలు బయటికి వస్తాయి. నడుము కింది భాగం నుంచి వచ్చిన నరాలు కలిసి పిర్ర వెనుకగా, తొడ వెనుకగా కాలిలోకి దిగుతాయి. దాన్ని సయాటిక్ నరం అంటారు. శరీరంలో అన్నిటికన్నా లావైన నరం అదే.

డిస్క్ పైపీచు చిట్లి లోపలి పదార్థం బయటికి పొడుచుకు వచ్చి నరాన్ని నొక్కితే, నొప్పి నడుములో ఆగదు. పిర్రలోకి, పిక్కలోకి, పాదంలోకి గుంజుతుంది. కరెంటు కొట్టినట్లు ఉంటుంది. తిమ్మిరి ఎక్కుతుంది. మనవారు "నస్ దబ్ గయీ" అనేదీ, "నరం నొక్కుకుపోయింది" అనేదీ దీన్నే. కాలి నొప్పికి కారణం నడుములోని డిస్క్ కావచ్చునని అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు 1934లో స్పష్టంగా రాసి చూపించినారు. అంతకుముందు వైద్యులకే ఈ సంగతి సరిగా తెలియదంటే, మన అవ్వలు దాన్ని గాలి అనో, వాతం అనో అన్నందుకు వారిని తప్పుపట్టే పని లేదు.

మరి కాన్పుకు, నడుముకు సంబంధం ఏమిటి? గర్భం నిండేసరికి తల్లి బరువు సుమారు 10 నుంచి 12 కిలోలు పెరుగుతుంది. ఆ బరువులో ఎక్కువ పాలు ముందువైపే. పడిపోకుండా ఉండడానికి ఆమె నడుమును వెనక్కి వంచి నడుస్తుంది. రెండవది, బిడ్డ బయటికి రావడానికి వీలుగా కటి ఎముకల కీళ్లు వదులయ్యేటట్లు కొన్ని హార్మోనులు పనిచేస్తాయి. రిలాక్సిన్ అనేది వాటిలో ఒకటి. మూడవది, పొట్ట కండరాలు సాగిపోయి మధ్యలో ఎడం వస్తుంది. పొట్ట కండరం అంటే నడుముకు ముందునుంచి కట్టిన తాడు. తాడు వదులైతే గుడారం ఒకవైపు ఒరగదా? అదే జరుగుతుంది.

బిడ్డ పుట్టగానే ఇవన్నీ మరునాడే సర్దుకోవు. వారాలు, నెలలు పడుతుంది. ఆ వదులు నడుముతోనే ఆ తల్లి రాత్రికి పదిసార్లు లేస్తుంది, వంగి బిడ్డను ఎత్తుకుంటుంది, వంగి పాలిస్తుంది. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ అయిదో నెలకు రెట్టింపు అవుతాడు. పైగా 15 లీటర్ల బిందె నింపితే నీళ్ల బరువే 15 కిలోలు. లెక్కల మాస్టరుగా ఈ కూడిక మీకు చేసి చూపుతున్నాను, బరువు ఎక్కడ పడుతున్నదో మీరే చూసుకోండి.

మన ఇళ్లలో ఇంకొకటి ఉన్నది. బీడీలు చుట్టే తల్లి ఒడిలో చేట పెట్టుకొని, నేలమీద కూర్చుని, తల వంచి గంటలకొద్దీ ఉంటుంది. జర్దోసీ పని చేసేవారు కార్‌చోబ్ ముందు అదే తీరున వంగుతారు. కుట్టుమిషను ముందు కూడా అంతే. నిలబడ్డప్పటికంటె వంగి కూర్చున్నప్పుడు నడుము డిస్కులమీద ఒత్తిడి ఎక్కువని స్వీడన్‌కు చెందిన నాకెమ్సన్ అనే వైద్యుడు 1960లలో డిస్కులోపలి ఒత్తిడిని కొలిచి చూపించినాడు. "కూర్చునే పనేగా, ఏం కష్టం?" అనే మాట ఇంక మనం అనకూడదు.

సగానికి సగం మంది గర్భవతులకు నడుము నొప్పి ఏదో ఒక మేరకు వస్తుంది. చాలామందికి కాన్పు తర్వాత కొద్ది నెలల్లో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం పోయినట్లే పోయి మళ్లీ వస్తుంది. ముందు కాన్పులో నొప్పి వచ్చినవారికి మరుసటి కాన్పులో వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే కాన్పుకు కాన్పుకు ఎడం కావాలి. ఒక బిడ్డ పుట్టిన తర్వాత మరుసటి గర్భానికి కనీసం 24 నెలలు ఆగడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతుంది. వదులైన నడుము బిగుసుకోక మునుపే మళ్లీ బరువు మోపితే అది ఎప్పుడు కోలుకుంటుంది?

ఇప్పుడు అపోహల సంగతి. మన వీధుల్లో ఎవరిని అడిగినా, "ఆపరేషను కాన్పప్పుడు నడుముల సూది ఇచ్చిన్రు, అప్పటినుంచి ఈ నొప్పి" అంటారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పులలో దాదాపు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 ఆపరేషను కాన్పులు. ఇంతమందికి సూది పడుతున్నది కాబట్టి ఇంతమందికి అనుమానం. సూది గుచ్చినచోట కొద్దిరోజులు నొప్పి ఉంటుంది, నిజమే. కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి కూడా వస్తుంది, అది డాక్టరుకు చెప్పాలి. కాని ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి ఈ సూది కారణమని పరిశోధనల్లో తేలలేదు. సూది లేకుండా మామూలు కాన్పు అయినవారికీ ఈ నొప్పి వస్తున్నదన్నది గమనించండి. వెన్నుపాము నడుము మొదట్లోనే ముగుస్తుంది, సూది దానికి కింది సందులో ఇస్తారు. సూదిమీద నెపం వేసి ఊరుకుంటే అసలు కారణాన్ని చక్కదిద్దే పని ఆగిపోతుంది.

రెండో అపోహ, ఎదురుకాళ్లతో పుట్టినవారితో నడుముమీద తన్నించడం. ఉర్దూలో అటువంటివారిని పాయల్ అంటారు. వెతికి పట్టుకొని వచ్చి మరీ తన్నిస్తారు. పూసల మధ్య నరం నొక్కుకొని ఉన్నదానికి తన్ను తగిలితే ఏమవుతుందో ఆలోచించండి. పిల్లలను వీపుమీద నిలబెట్టి తొక్కించుకోవడం, కాళ్లు పట్టి గుంజి "కట్ కట్" మనిపించడం కూడా అంతే ప్రమాదం. నూనెతో మెల్లగా మర్దన చేయడం, గోరువెచ్చని కాపడం పెట్టడం మంచివే, హాయినిస్తాయి.

మూడో అపోహ, నొప్పి ఉన్నంతకాలం మంచం దిగరాదనేది. మన ఇళ్లలో చిల్లా అని 40 రోజులు బాలింతను కూర్చోబెడతారు. బరువు పనులు చేయనీయకపోవడం, వేళకు తిండి పెట్టడం, ఇవి ఆ ఆచారంలోని మేలు. దాన్ని కాపాడుకోవాలి. కాని 40 రోజులూ కదలకుండా పడుకోబెట్టడం మాత్రం మేలు కాదు. నొప్పి తీవ్రంగా ఉన్న ఒకటి రెండు రోజులు పడుకోవచ్చును. ఆపైన మంచంమీదనే ఉంటే కండరాలు ఇంకా సడలుతాయి. ఇంట్లోనే అటూ ఇటూ నడవాలి. 41వ రోజున హఠాత్తుగా బిందె నెత్తిన పెట్టడం అన్నిటికన్నా తప్పు.

నాలుగోది, ఫోటో తీయించుకుంటే అంతా తేలిపోతుందనుకోవడం. నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే సగం మందికి పైగా, అంటే 52 శాతం మందికి, ఏదో ఒకచోట డిస్క్ ఉబ్బి కనిపించిందని 1994లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో ఉన్నది. అనగా ఫోటోలో ఉబ్బు ఉన్నంతమాత్రాన ఆపరేషను కావాలని కాదు. డిస్క్ వల్ల వచ్చిన కాలి నొప్పి కూడా చాలామందికి 6 నుంచి 12 వారాలలో ఆపరేషను లేకుండానే తగ్గుతుంది. వేల రూపాయలు అప్పుచేసి ఫోటోకు పరుగెత్తే ముందు, చేయిపెట్టి పరీక్షించే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఐతే భయపడవలసిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో ఒక తల్లి, మూడో కాన్పు తర్వాత నాలుగు నెలలు నడుము నొప్పి, ఎడమకాలు గుంజుడు. ఒక సూదిమందు ఇచ్చే ఆయన వారానికొక సూది వేసి పంపేవాడు. ఒకరోజు రెండు కాళ్లూ బరువెక్కినాయి, కూర్చునే చోట స్పర్శ తెలియలేదు, మూత్రం ఆగిపోయింది. ఆ మాట మగవారికి చెప్పడానికి ఆమె సిగ్గుపడింది. అత్తగారు వేడి చేసిందని మజ్జిగ తాగించింది. నాలుగు రోజులు గడిచిన తర్వాత పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయినారు. ఆపరేషను చేసినారు. ప్రాణానికి ముప్పు లేదు. కాని ఆ పాదం ఈనాటికీ ఈడుస్తుంది, మూత్రానికి గొట్టం వాడవలసి వస్తున్నది. వయసు 30 దాటలేదు. "మొదటిరోజే వస్తే బాగుండేది" అని అక్కడి డాక్టరు అన్నాడట.

వెన్ను చివరన నరాలు గుర్రపుతోకలాగా కుచ్చుగా ఉంటాయి. ఆ కుచ్చు మొత్తం నొక్కుకుపోతే వచ్చే స్థితి అది. అరుదుగానే వస్తుంది, కాని వస్తే గంటలు లెక్కపెట్టుకోవాలి. కనుక నేను చెప్పేవి ఇంట్లో గోడమీద రాసి పెట్టుకోండి. మూత్రం రాకపోవడం, లేక తెలియకుండా పోవడం. మలం మీద అదుపు తప్పడం. తొడల నడుమ, కూర్చునే చోట తిమ్మిరి. రెండు కాళ్లలోనూ బలహీనత. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి పోవాలి.

పాదం బలం ఇంట్లోనే చూసుకోవచ్చును. గోడ దగ్గర నిలబడి మడమలమీద నాలుగడుగులు, మునివేళ్లమీద నాలుగడుగులు నడిచి చూడాలి. బొటనవేలు పైకి లేవకపోయినా, ఒక మడమ నేలనుంచి ఎత్తలేకపోయినా నరం బలం తగ్గిందన్నమాట. ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి.

ఇక సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట పడుకున్నా తగ్గని నొప్పి, ఇవి ఉంటే వెన్నుకు క్షయ సోకిందేమో పరీక్ష చేయించాలి. క్షయ ఊపిరితిత్తులకే వస్తుందనుకోకండి. దీనికి మందులున్నాయి, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నడుమ ఆపకుండా డాక్టరు చెప్పినంతకాలం వాడితే నయమవుతుంది. కాన్పైన కొత్తలో చలిజ్వరంతో కూడిన నడుము నొప్పి వస్తే అదీ అశ్రద్ధ చేయరాదు.

నరం నొక్కుకోవడం నడుములోనే జరగాలని లేదు. తొడ బయటివైపు మంట, తిమ్మిరి ఉంటే గజ్జ దగ్గర చర్మపు నరం నొక్కుకొని ఉండవచ్చు. చేతి వేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కితే మణికట్టులో నరం నొక్కుకొని ఉండవచ్చు. గర్భంలో వచ్చిన నీరు తీస్తే ఇది చాలామందికి తగ్గుతుంది. బిడ్డను చంకల్లో చేతులుపెట్టి ఎత్తి ఎత్తి బొటనవేలి మొదట్లో నొప్పి వస్తుంది. అది నరం కాదు, స్నాయువు వాపు. అరచేయి కింద పెట్టి బిడ్డను ఎత్తడం అలవాటు చేసుకుంటే ఉపశమనం ఉంటుంది.

ఇప్పుడు చేయవలసినవి. పాలిచ్చేటప్పుడు తల్లి బిడ్డమీదికి వంగకూడదు, బిడ్డనే తల్లి దగ్గరికి తేవాలి. గోడకు ఆనుకొని, నడుము వెనుక ఒక చిన్న దిండు, ఒడిలో ఇంకొక దిండు పెట్టుకుంటే చాలు. పక్కకు తిరిగి పడుకొని కూడా పాలియ్యవచ్చును. కింద ఉన్నదాన్ని ఎత్తేటప్పుడు నడుము వంచక మోకాళ్లు వంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవాలి. ఎత్తుతూ పక్కకు తిరగరాదు. మంచం దిగేటప్పుడు ముందు పక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో లేవాలి. కూర్చుని పని చేసేవారు అరగంటకొకసారి లేచి పది అడుగులు వేయాలి. బీడీ చేటను చిన్న పీటమీద పెట్టుకుంటే వంగుడు తగ్గుతుంది. నేలమీద వంగి లేవలేనివారు కుర్చీమీద కూర్చుని నమాజు చేసుకోవచ్చునన్న సౌలభ్యం మనకు ఉండనే ఉన్నది. నొప్పిని ఓర్చుకొని నరానికి చేటు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

వ్యాయామం అంటే ఆడవారు నవ్వుతారు, "ఇంటి పని చాలదా?" అంటారు. ఇంటి పని నడుమును అలసట పెడుతుంది, వ్యాయామం నడుమును బలపరుస్తుంది, రెండూ ఒకటి కాదు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, పొట్టను లోపలికి తీసి, నడుమును నేలకు ఆనించి అయిదు లెక్కపెట్టి వదలాలి. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను అట్లాగే బిగించి వదలాలి. కాస్త బలం వచ్చిన తర్వాత మోకాళ్లు మడిచే ఉంచి పిర్రలను నేలనుంచి ఎత్తి దించాలి. ఒక్కొక్కటి పదిసార్లు. మామూలు కాన్పైనవారు కొద్దిరోజుల్లోనే తేలికైనవాటితో మొదలుపెట్టవచ్చు. ఆపరేషను కాన్పైనవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి, ఆరు వారాలదాకా బిడ్డకంటె బరువైనది ఎత్తరాదు. వ్యాయామం చేస్తుంటే నొప్పి కాలిలోకి దిగితే ఆపాలి.

తిండి సంగతి. కాన్పు తర్వాత ఆరు నెలలు ఐరన్, కాల్షియం మాత్రలు వాడాలని ప్రభుత్వ నియమం. ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలు గూట్లో పెట్టి మరచిపోవద్దు. రెండూ ఒకేసారి మింగరాదు, వేళలు వేరు చేసుకోవాలి. ఎండ తగలక ఇంటిలోపలే ఉండే స్త్రీలలో డి విటమిన్ లోపం ఎక్కువ. దానివల్ల ఎముకలు మెత్తబడి నొప్పులు వస్తాయి. మిద్దెమీదనో, వాకిట్లోనో ముఖానికి, చేతులకు రోజూ కొంతసేపు ఎండ తగలనియ్యాలి. పాలిచ్చే తల్లి నొప్పికి పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వాడవచ్చును. పేరు లేని పొట్లాలు, ఊరూ పేరూ తెలియని సూదులు వద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే అప్పటికి హాయిగా ఉండి తర్వాత ఎముకలను గుల్ల చేస్తుంది.

ఇవన్నీ చెప్పినాను గాని, బిందె ఎవరు ఎత్తుతారన్నదే అసలు ప్రశ్న. "వంగకమ్మా, బరువెత్తకమ్మా" అని సలహా చెప్పి మనం బజారుకు పోతే ఆ సలహా ఎందుకు పనికివస్తుంది? మగవారలారా, కాన్పైన ఇంట్లో నీళ్లు మీరు తేండి. సిలిండరు మీరు జరపండి. రాత్రి ఏడ్చిన బిడ్డను ఎత్తి తల్లి ఒడిలో పెట్టేది మీరైతే ఆమె నడుము పదిసార్లు వంగకుండా తప్పుతుంది. అత్తగార్లకు ఒక విన్నపం. "మేము పదిమందిని కన్నాము, మాకీ నొప్పులు లేవా?" అని మీరంటారు. ఉన్నాయి, అమ్మా. ఈనాడు మీరు గోడ పట్టుకొని లేవడంలో ఆ పాత నొప్పుల పాలు కూడా కొంత ఉండవచ్చును. మీరు నోరు తెరిచి చెప్పలేకపోయినది కోడలు చెప్పుతున్నప్పుడు వినండి. మూత్రం మాట, తిమ్మిరి మాట ఆమె మొదట చెప్పగలిగేది మీకే.

సంఘంవారికి ఒక్క కోరిక. సంవత్సరానికి రెండుసార్లు ఒక మహిళా ఫిజియోథెరపిస్టును పిలిపించి, మన ఆడవారికి ఈ వ్యాయామాలు ఎదురుగా చేయించి చూపించే ఏర్పాటు చేయండి. కూర్చోవడానికి బడిలో గది నేను ఇప్పిస్తాను. శలవు దినాన తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. తారీఖు మీరు చెప్పండి.